అంగడి పిండి – ఇంటి రొట్టె

పట్టణాలలోని దుకాణాలలో నేడు దోసె పిండి పొట్లాలలో దొరుకుతున్నది. గోధుమ పిండితో చేసిన పచ్చి పరోటాలు, మైదాను పొరలు పొరలుగా మడిచిన పఫ్ రేకులు గడ్డకట్టించిన స్థితిలో పెట్టెలలో లభిస్తున్నాయి. ఇంటికి తెచ్చి కాల్చుకొనడమే తరువాయి. ఉదయం పూట తొందరపడే కుటుంబాలకు, గది అద్దెకు తీసుకొని చదువుకొనే విద్యార్థులకు ఇది ఎంతో సౌకర్యం. అయితే ఇన్ని రకాల పిండి ముద్దల నడుమ జొన్న పిండి ముద్ద మాత్రం సాధారణంగా కనిపించదు. పొడి పిండి దొరుకుతుంది, కాల్చిన రొట్టె దొరుకుతుంది. ఆ రెండింటి నడుమ ఉండే తడి ముద్ద దొరకదు. జొన్న రొట్టెను తరతరాలుగా తిన్న పాలమూరు, నల్గొండ ప్రాంతాలలోను ఇదే పరిస్థితి. ఇందులో వ్యాపారుల అశ్రద్ధ ఏమీ లేదు. కారణం గింజలోనే ఉన్నది.

గోధుమ పిండిలో గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఉంటాయి. నీరు పోసి పిసికినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని గ్లూటెన్ అనే సాగే వలగా ఏర్పడతాయి. చపాతీ పిండిని లాగితే తెగకుండా సాగడానికి, కర్రతో వత్తితే పలుచగా పరుచుకొనడానికి ఈ వలయే ఆధారం. కలిపిన పిండిని కొంతసేపు మూతపెట్టి ఉంచినచో అది మరింత మెత్తబడి చేతికి లొంగుతుంది. అరగంట నాననివ్వమని ఇంటి పెద్దలు చెప్పడంలోని ఆంతర్యం ఇదే. అరగంట ఆగగలిగిన పిండి చల్లని చోట కొన్ని రోజులు, గడ్డకట్టే చోట కొన్ని నెలలు ఆగగలదు. అందువల్లనే అది అంగడి సరుకు కాగలిగినది.

అమెరికాలోని లూయీవిల్ నగరానికి చెందిన లైవ్లీ విల్లోబీ అనే రొట్టెల తయారీదారు పచ్చి బిస్కట్ పిండిని డబ్బాలో మూసి చల్లగా నిలువచేసే పద్ధతికి 1931లో పేటెంటు పొందినాడు. అక్కడ బిస్కట్ అనగా ఉదయం పూట తినే మెత్తని చిన్న రొట్టె; మనం టీలో ముంచుకొనేది కాదు. మన దేశంలో 2005లో బెంగళూరులో ప్రారంభమైన ఐడి ఫ్రెష్ ఫుడ్ అనే సంస్థ ఇడ్లీ, దోసె పిండిని పొట్లాలలో అమ్ముతూ పెద్ద వ్యాపారంగా ఎదిగినది. దోసె పిండిలో గ్లూటెన్ లేదు. అయినను అది నిలువ ఉండడానికి కారణం వేరు: అది పులియవలసిన పిండి, మినుముల జిగురు దానిని పట్టి ఉంచుతుంది, పైగా అది ముద్ద కాదు, జారు.

గోధుమ పిండి సాగే గుణాన్ని పూర్తిగా వాడుకొన్న వంటకం పఫ్. మైదా ముద్దను పలకగా పరచి, దాని నడుమ వెన్ననో వనస్పతినో ఉంచి మూసి, తిరిగి పరచి మూడు మడతలు వేస్తారు. ఇట్లు ఆరుసార్లు చేసినచో కొవ్వు పొరల సంఖ్య 729 అవుతుంది. ఓవెన్ వేడికి పిండిలోని నీరు ఆవిరియై పొరలను పైకి లేపుతుంది. నడుమనున్న కొవ్వు వాటిని అంటుకొననీయదు. పిండి చిరగకుండా సాగినప్పుడే ఈ పని సాధ్యం. హైదరాబాదులోను, జిల్లా పట్టణాలలోను బేకరీ అద్దాల పెట్టెలలో కనిపించే కూర పఫ్, గుడ్డు పఫ్ ఇట్లు తయారైనవే. ఈ బేకరీలలో తీపికి, ఉప్పుకు హద్దు గట్టిగా ఉండదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరును గుర్తుచేసే ఉస్మానియా బిస్కట్ తియ్యగా మొదలై నాలుక చివర ఉప్పగా ముగుస్తుంది. దాని రుచి అంతా ఆ చిటికెడు ఉప్పులోనే ఉన్నది.

ఇక జొన్న సంగతి. జొన్నలో మాంసకృత్తులు తక్కువ కాదు. అవి గోధుమలో ఉన్నంత ఇంచుమించుగా ఉంటాయి. కాని వాటిలో ప్రధానమైన కాఫిరిన్ నీటితో కలవదు, వలగా అల్లుకొనదు. చల్లని నీటితో కలిపిన జొన్న పిండి తడి ఇసుక వలె విడిపోతుంది. కావున రొట్టె చేసేవారు మరిగే నీటిని ఆశ్రయించినారు. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినప్పుడు పిండిలోని గంజి రేణువులు నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారతాయి. జొన్న ముద్దకు ఉన్న పట్టు అంతా ఈ జిగురే. వేడిగా ఉన్నంతసేపు అది చేతికి లొంగుతుంది. చల్లారిన కొద్దీ బిగుసుకొని, ఆరిపోయి, తట్టినప్పుడు అంచుల వెంట పగుళ్లు వారుతుంది. కలిపిన ముద్దను మరునాటికి ఉంచి రొట్టె చేయబూనడం వృథా ప్రయాస.

పొడి పిండి సైతం ఎక్కువ కాలం ఆగదు. జొన్న గింజ మొలక భాగంలో కొవ్వు ఉంటుంది. గింజగా ఉన్నప్పుడు అది భద్రంగా ఉండి, పిండి అయిన తరువాత గాలి తగిలి చేదెక్కుతుంది. అందుచేత పల్లెలలో జొన్నలను గింజలుగానే నిలువచేసి, కొద్దికొద్దిగా గిర్నికి పంపి పట్టిస్తారు. గిర్నీలు రాకముందు తెల్లవారుజామున ఇసుర్రాయి తిప్పడం ఆడవారి దినచర్యలో మొదటి పని.

రొట్టె చేసే విధానం చూడడానికి సులభం, చేయడానికి కష్టం. ఎసరు మరిగిన తరువాత కొద్దిగా ఉప్పు వేసి, పిండి నడుమ గుంట చేసి పోసి, గరిటెతో కలుపుతారు. చేయి పట్టగలిగినంత వేడికి రాగానే అరచేతి అడుగు భాగంతో రాసి రాసి పిసుకుతారు. ఈ రాయడంలోనే రొట్టె భవిష్యత్తు నిర్ణయమవుతుంది. ఒక రొట్టెకు సరిపడు ముద్దను మాత్రమే తీసుకొని, పీటపై పొడి పిండి చల్లి, అరచేతితో తడుతూ గుండ్రంగా తిప్పుతారు. ఒక చేయి తడుతుండగా రెండవ చేయి అంచును కాచి పగులు రాకుండ చూస్తుంది. గోధుమ పిండిలో వల చేసే పనిని ఇక్కడ ఈ రెండవ చేయి చేస్తున్నదన్న మాట. తట్టిన రొట్టెను ఎత్తి కాలిన పెనంపై వేసి, పైభాగాన తడి గుడ్డతో నీరు అద్దుతారు. ఆ నీరు ఆరగానే తిప్పుతారు. తరువాత గుడ్డతో అక్కడక్కడ అదిమితే ఆవిరి నిండి రొట్టె పొంగుతుంది. పొంగని రొట్టెను చూసి అత్తగారు ముఖం చిట్లించడం పల్లెలలో అందరూ ఎరిగిన విషయమే.

ఎసరు గురించి మరొక మాట. నల్గొండ జిల్లా పలు గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉండి, ఎముకలు వంగిపోయే వ్యాధికి వేలాది మంది గురైనారు. నీటిని మరిగించినచో సూక్ష్మజీవులు నశిస్తాయి కాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరిన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం వాడి ఫ్లోరైడును తొలగించే పద్ధతిని రూపొందించినది. దానికి ప్రపంచమంతటా నల్గొండ పద్ధతి అనియే పేరు. రొట్టె పిండి కలపడానికి తాగునీటినే వాడవలసిన అవసరం ఈ ప్రాంతం వారికి ఇతరులకంటే బాగుగా తెలుసు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో పలు జిల్లాలుగా ఏర్పడినవి. నేల స్వభావం మాత్రం విభజన రేఖలను ఎరుగదు. ఎక్కువ భాగం ఎర్ర చలకలు. గద్వాల, ఆలంపూర్, మక్తల్ వైపు నల్లరేగడి. చలకలలో వానకాలపు పచ్చజొన్న, రేగడిలో మంచు తేమపై పండే తెల్లని మాఘీ జొన్న పూర్వం విస్తారంగా ఉండేవి. పచ్చజొన్న అన్నా దాని రంగు పసుపే. గట్కకు, రొట్టెకు దానిని మెచ్చుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం జొన్న రకాలపై చాలాకాలంగా పని చేస్తున్నది.

ఈ జొన్న వెనుకబడడానికి కారణాలు అనేకం. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలడంతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి పొలాలుగా మారినవి. 1983లో ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం ప్రారంభించడంతో, పండుగనాడు మాత్రమే వరి అన్నం తిన్న కుటుంబాలు రోజూ తినగలిగినవి. చలకలలోకి పత్తి వచ్చినది. కాలువ నీరు అందని పాలమూరు నుండి లక్షలాది కూలీలు ఆనకట్టలు, రోడ్లు, భవనాలు కట్టడానికి దూర ప్రాంతాలకు వలసపోయినారు. అట్టివారికి రొట్టె మంచి తోడు. నారాయణపేట, మక్తల్ వైపు కర్ణాటక సరిహద్దు గ్రామాలలో రొట్టెలను పలుచగా చేసి, పూర్తిగా తేమ పోయేవరకు కాల్చి ఆరబెడతారు. అట్టి కటిక రొట్టెలు రోజుల తరబడి చెడవు. పచ్చడితోనో పప్పుతోనో నానబెట్టుకొని తినవచ్చును. ముద్దగా నిలువ ఉండని జొన్న, ఎండిన రొట్టెగా నిలువ ఉండడం చిత్రమే.

అన్నం దొరకడాన్ని నష్టంగా చెప్పడం న్యాయం కాదు. జొన్న తప్ప మరేమీ దొరకని పేద ఇండ్లలో పూర్వం పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో దీనిని జొన్నలోని ల్యూసిన్ అనే ఆమ్లంతో ముడిపెట్టి వివరించినారు. ఆ సిద్ధాంతంపై తరువాత చాలా చర్చ జరిగినది. పప్పు, ఆకుకూర, పాలు తోడైనచో జొన్న మంచి ఆహారమే. 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల పీచు ఉంటే, మైదాలో 3 గ్రాములైనను ఉండదు. గ్లూటెన్ పడని వ్యాధి ఉన్నవారికి జొన్న వరమే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఈ విషయాలు విస్తృతంగా ప్రచారమైనవి. కాని ప్రచారంతో పిండి కొన్నవారందరికీ రొట్టె తట్టడం రాదు. తల్లి పక్కన కూర్చొని, చేతులు కాల్చుకొని, పది రొట్టెలు పగులగొట్టి నేర్చుకొనే విద్య అది. రోజూ అన్నం వండే ఇంటిలో ఆ అవకాశం కూతురికిగాని, కొడుకుకుగాని రావడం లేదు.

ఈ లోటును పూరిస్తున్నవారు రొట్టెలమ్మే స్త్రీలు. హైదరాబాదులోను, తెలంగాణ పట్టణాలలోను సాయంకాలం కాగానే వీధి పక్కన కట్టెల పొయ్యిపైనో గ్యాసు పొయ్యిపైనో పెనం పెట్టి వేడివేడి రొట్టెలు చేసి అమ్ముతారు. వీరిలో పల్లెల నుండి పనికోసం వచ్చినవారు అనేకులు. వారి ఎదుట పెద్ద పిండి ముద్ద ఉండదు. పక్కన ఎసరు మరుగుతూ ఉంటుంది. కొనేవారు వచ్చిన కొద్దీ కొంచెం కొంచెం కలుపుతారు. మధుమేహం ఉన్నవారికి జొన్న మేలన్న నమ్మకంతో నగరవాసులు వరుసలో నిలబడి కొంటున్నారు. రొట్టె పరిమాణం కూడా ముఖ్యమేనన్న సంగతి వారికి వైద్యులు గుర్తుచేయవలసి వస్తున్నది.

పిండి స్వభావం తీపిని ఎక్కడ ఉంచాలో కూడా నిర్ణయిస్తుంది. సాగే గోధుమ పిండిలో తీపిని పొదగవచ్చును. ఉగాదికి చేసే భక్షాలలో శనగపప్పు, బెల్లం కలిపిన పూర్ణం పలుచని పొరలో దాగి ఉంటుంది. అర్ధచంద్రాకారపు గర్జెలలో పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర నింపి అంచులు నొక్కి నూనెలో వేయిస్తారు. జొన్న పొరలో ఇవేవీ నిలువవు. పూర్ణం పెట్టి మడిస్తే పొర చీలిపోతుంది. కావున జొన్నకు తీపి కాల్చిన తరువాతనే చేరుతుంది. రొట్టెను వేడిగా ఉండగానే నలిపి, బెల్లం కలిపి, ఉండలు కట్టినచో మలీద. సద్దుల బతుకమ్మనాడు ఆడపడుచులు పంచుకొనే మలీద ముద్దలు, పీర్ల పండుగనాడు సమర్పించే మలీద ఈ విధంగా చేసినవే. ఉప్పటి రొట్టెలో తీపి బెల్లం కలిసిన ఆ రుచిని మరి దేనితోను పోల్చలేము.

కారపు వైపున సర్వప్ప ఉన్నది. గిన్నెప్ప అనియు, తపాలచెక్క అనియు దీనికి పేర్లు కలవు. బియ్యం పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, నూనె రాసిన చల్లని సర్వ లోపలి గోడలకే అద్ది, వేలితో చిల్లులు చేసి, నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని మంటపై కాలుస్తారు. బియ్యం పిండికి కూడా సాగే గుణం లేదు. కాని ఇక్కడ పిండికి బలం అక్కరలేదు. గిన్నె గోడయే దానిని మోస్తుంది. వంటింటి తెలివికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెదకనవసరం లేదు.

జొన్న రొట్టె తట్టడం రానివారు, అంగడిలో కొన్న పిండితో ఈ ప్రాంతపు రుచులను ఉదయపు అల్పాహారంగా చేసుకొనవచ్చును. దీనికి పచ్చి పఫ్ రేకులు అనుకూలం. పెద్ద దుకాణాలలో అవి గడ్డకట్టిన రూపంలో దొరుకుతాయి. కొనేటప్పుడు పెట్టెపై కొవ్వు వివరాలు చదవాలి. నూనెలలోను, కొవ్వులలోను ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నియమం మన దేశంలో 2022 జనవరి నుండి అమలులో ఉన్నది.

జానెడుకు కొంచెం తక్కువైన ఆరు చదరపు ముక్కలకు 50 గ్రాముల నువ్వులు, 50 గ్రాముల పల్లీలు, 60 గ్రాముల బెల్లం చాలును. నువ్వులు, పల్లీలు విడివిడిగా దోరగా వేయించి, చల్లారిన తరువాత రెండు ఎండుమిర్చి, పావు చెంచా ఉప్పు చేర్చి బరకగా దంచాలి. చివరను తురిమిన బెల్లం కలపాలి. ఉప్పు, కారం చూసి కొత్తవారు సందేహిస్తారు. ఉప్పు తగిలినప్పుడు బెల్లపు తీపి స్పష్టంగా తెలుస్తుంది. మిర్చి ఆ తీపి మొహం మొత్తకుండ చూస్తుంది. కేవలం కారంగా కావలసినచో బెల్లం మాని, సర్వప్పలో వలె ఉల్లికాడలు, కరివేపాకు నూనెలో తడి ఆరేవరకు వేయించి కలుపుకొనవచ్చును.

రేకులను వంటకు పది నిమిషాల ముందు బయట పెట్టాలి. విరగకుండ మడిచే స్థితి వస్తే చాలు. పూర్తిగా మెత్తబడినచో కొవ్వు కరిగి పొరలు కలిసిపోతాయి, అప్పుడు పఫ్ పొంగదు. ఒక్కొక్క ముక్కపై ఒకవైపు రెండు చిన్న చెంచాల పొడి ఉంచి, అంచులకు నీరు అద్ది, ఎదుటి మూలను తెచ్చి త్రికోణంగా మూసి, గర్జెల అంచు వలె వేళ్లతో నొక్కాలి. పొడి ఎక్కువైతే అంచు కలవదు. అంచు కలవనిచో బెల్లం కరిగి బయటకు కారి మాడుతుంది. పల్లీల పొడి తగ్గించరాదని చెప్పడం కూడా ఇందుకే. కరిగిన బెల్లాన్ని పీల్చుకొనేది అదే.

ఓవెన్ ఉన్నవారు 200 డిగ్రీల వేడిలో సుమారు ఇరవై నిమిషాలు, పైపొర బంగారు రంగు వచ్చేవరకు కాల్చాలి. లేనివారు సర్వప్ప పద్ధతిని పాటించవచ్చును: మందపాటి పెనంపై ఉంచి, మూతపెట్టి, సన్నని మంటపై ఒక్కొక్క వైపు ఎనిమిది నిమిషాలు. పెనంపై కాల్చినది ఓవెన్‌లో కాల్చినంత ఎత్తుగా పొంగదు, కాని అడుగు బాగా కరకరలాడుతుంది. దించిన వెంటనే తినరాదు. కరిగిన బెల్లం మరిగే నూనె వలె నోటిని కాలుస్తుంది. పది నిమిషాలు ఆగినచో బెల్లం చిక్కబడి నువ్వులను పట్టుకొంటుంది. పైపొర అప్పటికి ఇంకా కరకరలాడుతూనే ఉంటుంది.